చలికాలం గిరాకీ ఉండాలి, అద్దె చవకగా ఉండాలి: హోమ్‌స్టేకి ఊరు వెతుక్కోవడం ఎలా?

డిసెంబరులో ఏదో ఒక శనివారం రాత్రి నర్సీపట్నంలో దిగి, తెల్లవారుజామున మూడింటికి చింతపల్లి రోడ్డు మీదకొచ్చి నిలబడండి. ఊరంతా ముసుగుతన్ని పడుకుని ఉంటే కార్లు, టెంపో ట్రావెలర్లు, బైకులు బారులు తీరి ఘాట్ ఎక్కుతుంటాయి. అందరిదీ ఒకటే తొందర. సూర్యుడు పైకి రాకముందే లంబసింగి చేరాలి, పొగమంచులో ఫొటో దిగాలి. వీళ్లలో కొందరు అర్ధరాత్రి విశాఖలో బయల్దేరి, కళ్లు మంటలెత్తుతుండగా బండి తోలుకొస్తున్నవాళ్లు. ఇంకొందరు ఘాట్ కింద ఏదో లాడ్జీలో నాలుగు గంటలు నడుం వాల్చి లేచినవాళ్లు. హోమ్‌స్టే పెడదామనుకునేవాళ్లకి కావలసింది ఈ రెండో రకం.

మనవాళ్లు చేసే పొరపాటు ఎక్కడంటే, చూసే ఊళ్లోనే గది ఉండాలనుకుంటారు. చూసే ఊరు వేరు, పడుకునే ఊరు వేరు. పేరున్న చోట స్థలం ఆకాశంలో ఉంటుంది, లేదా చట్టం ఒప్పుకోదు. దానికి గంట దూరంలో, ఎవరూ ఫొటో కూడా తీయని ఊళ్లో, మూడు గదుల ఇల్లు చవకగా అద్దెకి దొరుకుతుంది. ఆ ఊరిని పట్టుకోవడం ఎలాగో నేను చేసినవి, చేసి చేతులు కాల్చుకున్నవి కలిపి చెబుతాను. ఉదాహరణలు ఎక్కువగా మా విశాఖ మన్యం అంచునుంచే వస్తాయి. నాకు బాగా తెలిసింది అదే.

1. ముందు రాత్రులు లెక్కపెట్టండి

"చలికాలం నాలుగు నెలలూ ఫుల్లండీ బాబూ" అంటాడు బ్రోకరు. ఆయన్ని అననివ్వండి. మీరు మాత్రం ఒక క్యాలెండరు, ఒక పంచాంగం ముందు పెట్టుకుని కూర్చోండి.

మన వైపు చలికాలపు గిరాకీ ముక్కలు ముక్కలుగా వస్తుంది. కార్తీకంలో వనభోజనాలు, ఆఫీసు పిక్నిక్కులు మొదలవుతాయి. అరకు వైపు వలిసె పూలు కొండవాలంతా పసుపు పరిచినట్టు పూసేదీ ఇంచుమించు అప్పుడే. ఆ తర్వాత క్రిస్మస్ నుంచి జనవరి 1 వరకూ ఒక ఊపు. అమెరికా నుంచి సెలవులకి వచ్చిన కుటుంబాలు కూడా బంధువులందరినీ వెంటేసుకుని తిరిగేది ఈ రోజుల్లోనే. ఆ తర్వాత సంక్రాంతి. వీటన్నిటి మధ్యలో శుక్ర, శనివారం రాత్రులు.

నవంబరు, డిసెంబరు, జనవరి కలిపి 92 రాత్రులు. వాటిలో శుక్ర, శనివారాలు 26 అనుకోండి. క్రిస్మస్, కొత్త సంవత్సరం మధ్య మామూలు రోజులు ఇంకో 6, సంక్రాంతికి 4. మొత్తం 36 గట్టి రాత్రులు. మిగతా 56 రాత్రులు ఆదివారం నుంచి గురువారం దాకా వచ్చే మామూలు రాత్రులు. పొగమంచు ఆ రోజుల్లోనూ పడుతుంది గానీ చూడ్డానికి వచ్చేవాళ్లు తక్కువ. ఈ 36, 56 అంకెల్ని గుర్తుపెట్టుకోండి, లెక్క వేసేటప్పుడు మళ్లీ వస్తాయి.

ఇదే కొలతతో వేరే ఊళ్లనూ కొలిచి చూడండి. హార్స్‌లీ హిల్స్ కొండ మీద ఊరు కదా, చలికి జనం వస్తారనిపిస్తుంది. అక్కడికి మదనపల్లె వైపు జనం ఎక్కేది ఎండలు తట్టుకోలేక. దాని సీజన్ వేసవి. వికారాబాద్ అనంతగిరికి హైదరాబాద్ దగ్గరుంది కాబట్టి శని, ఆదివారాలు ఏడాది పొడుగునా నడుస్తాయి, అసలు అందం వానాకాలంలో. భీమవరం సంగతి ఇంకో రకం. సంక్రాంతి మూడు రోజులూ కోడి పందేలకి వచ్చేవాళ్లతో అక్కడ గది దొరకడం గగనం. చట్టం ఒప్పుకోని ఆట అయినా జనం ఆగరు, రేట్లు ఎన్నింతలు పెంచినా బేరమాడరు. కానీ అది ఏడాదికి మూడు నాలుగు రాత్రుల ముచ్చట. ఆ చుట్టుపక్కల పల్లెలో మీకు తాళం వేసిన సొంతిల్లు ఉంటే, దాన్ని ఆ నాలుగు రోజులు ఇచ్చుకోండి. అంతేగాని ఆ నాలుగు రాత్రుల కోసం ఏడాది లీజు తీసుకుంటే మునుగుతారు.

2. తెల్లవారకముందే చేరాల్సిన చోటు ఏదో చూడండి

పడుకునే ఊరు పుట్టాలంటే ఒక కారణం ఉండాలి. పదింటికి వెళ్లి చూసినా ఒకటే అనిపించే చోటుకి జనం పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరతారు. గది అక్కర్లేదు. ఆరింటిలోపే అక్కడుండాలి అన్న చోటుకి మాత్రం ముందురాత్రి దగ్గర్లో ఎక్కడో పడుకోక తప్పదు. లంబసింగి పొగమంచు, చెరువులవేనం మేఘాలు, పాడేరు దగ్గర వంజంగి కొండ మీంచి కనిపించే మేఘసముద్రం, మూడూ ఈ కోవలోవే. ఎండెక్కితే అన్నీ మామూలు కొండలే.

ఈ గీటురాయి మీద నాలుగు ఊళ్లని గీసి చూశాను.

నర్సీపట్నం: లంబసింగికి ఘాట్ కింద ఆఖరి పెద్ద ఊరు. గంట ప్రయాణం. పెట్రోలు బంకులు, ఏటీఎంలు, ఆసుపత్రులు, రాత్రి పది దాటినా టిఫిను దొరికే బళ్లు ఉన్నాయి. పైన గదులూ, టెంట్లూ కొన్నే కాబట్టి మిగిలినవాళ్లు కిందే ఆగాలి. హైదరాబాద్ నుంచి రైల్లో వచ్చేవాళ్లకి ఒక మాట ముందే చెప్పాలి: నర్సీపట్నం రోడ్ అనే స్టేషన్ పేరు చూసి ఊళ్లోనే దిగుతామనుకోవద్దు, అది ఊరికి దూరం. తుని, అనకాపల్లి స్టేషన్లే మేలు.

శృంగవరపుకోట: అరకు ఘాట్‌కి ముందు ఉంటుంది. కాగితం మీద నర్సీపట్నంలాగే కనిపిస్తుంది. కానీ అరకులోనే హరిత రిసార్టుతో మొదలుపెట్టి బోలెడు గదులున్నాయి. విశాఖ నుంచి కిరండూల్ పాసింజరెక్కి వెళ్లేవాళ్లు ఈ ఊళ్లో దిగనే దిగరు. నేనైతే పెట్టను.

జమ్మలమడుగు: గండికోటకి దగ్గర. గండికోటలో తమాషా ఏమిటంటే, పెన్నా లోయ అంచున టెంట్ వేసుకుని పడుకోవడమే అక్కడ ముచ్చట. ఊళ్లో గది అంటే మిగిలిపోయినవాళ్లకే. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలు మాత్రం బాత్రూమ్ కోసం ఊళ్లోకే వస్తాయి. రెండు గదులకి సరిపోతుంది, ఆరింటికి కాదు.

మాడుగుల, చోడవరం వైపు: పాడేరు, వంజంగి వెళ్లే దారి. మాడుగులలో హల్వా కోసం అందరూ బండి ఆపుతారు, కొనుక్కుని కదిలిపోతారు. రాత్రి ఆగేలా చేయాలంటే మీరే ఏదో కారణం చూపించాలి. కష్టం.

3. చవకగా ఎందుకు ఉందో తెలిసేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. డబ్బు పోయేది ఇక్కడే.

కొన్నేళ్ల కిందట అరకు దగ్గర రోడ్డు పక్కన ఐదు సెంట్లు చూపించాడు ఒక బ్రోకరు. ధర విని నేనే రెండోసారి అడిగాను. విశాఖలో కారు పార్కింగుకి అయ్యే డబ్బు కూడా కాదు. "పట్టా మాత్రం ఆ కుర్రాడి పేరు మీదే ఉంటుంది సార్, మనకి నోటరీ అగ్రిమెంటు, పదిమంది ఇలాగే చేశారు" అన్నాడు. టోకెన్ యాభై వేలు సంచిలో పెట్టుకుని బస్సెక్కబోతుంటే, మా వీధిలో ఉండే రెవెన్యూ శాఖ రిటైర్డు ఉద్యోగి ఒకాయన టీ కొట్టు దగ్గర కలిశారు. విషయం చెప్పాను. "1/70 వినలేదా బాబూ?" అని ఒక్క ముక్క అడిగి టీ తాగుతూ ఉండిపోయారు.

ఆ ఒక్క ముక్క వివరం ఇది. షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన 1959లో వచ్చింది, దాన్ని 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్‌తో బిగించారు. అందుకే అందరూ 1/70 అంటారు. ఏజెన్సీలో, అంటే ఈ షెడ్యూల్డ్ ప్రాంతంలో, స్థిరాస్తిని గిరిజనులకి, గిరిజనుల సహకార సంఘాలకి తప్ప వేరే ఎవరికీ బదలాయించడం చెల్లదు. అమ్మేది గిరిజనేతరుడైనా సరే, కొనేవాడు గిరిజనుడై ఉండాలి. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, దానం, మార్పిడి, లీజు, అన్నీ అందులోకే వస్తాయి. గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఆస్తి గిరిజనుడి నుంచి వచ్చిందే అని చట్టం ముందే అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది ఆ చేతిలో పెట్టుకున్నవాడే. 1997లో సమత కేసు తీర్పులో సుప్రీంకోర్టు ప్రభుత్వం కూడా అక్కడ గిరిజనేతరులకి లీజులివ్వకూడదని చెప్పింది. ఇంకొకరి పేరు మీద పెట్టి లోపల మనం ఉండడం బినామీ. ఆ నోటరీ కాగితంతో కోర్టుకెళ్లే దారి లేదు. ఆ కుర్రాడు రేపు "ఇది నాదే" అంటే నిజంగానే అతనిదే.

ఆ భూమి చవకగా ఉండేది అందుకే. ఆ చట్టం లేకపోతే ఈపాటికి ఆ కొండల్లో గిరిజనుడికి ఇంటిజాగా కూడా మిగిలేది కాదని కూడా నా అభిప్రాయం. కాబట్టి మీరు గిరిజనులు కాకపోతే లంబసింగి, అరకు, పాడేరు, మారేడుమిల్లి పేర్లు కొట్టేసి కిందకి దిగండి.

మీరు గిరిజన కుటుంబమైతే ఈ మొత్తం కథ మీకు అనుకూలంగా తిరుగుతుంది. చూసే ఊళ్లోనే పడుకునే గది పెట్టగలిగేది మీరే. గిరిజన ప్రాంతాల్లో 1000 హోమ్‌స్టేల కోసం కేంద్రం పెట్టిన పథకంలో కొత్తగా కట్టుకోవడానికి యూనిట్‌కి 5 లక్షల దాకా, ఉన్న గదులు బాగుచేసుకోవడానికి 3 లక్షల దాకా సాయం ఉంది. పాడేరు ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థ), జిల్లా పర్యాటక ఆఫీసులో అడగండి.

ఇంకో జాగ్రత్త. షెడ్యూల్డ్ ప్రాంతం హద్దు గ్రామాల లెక్కన ఉంటుంది. ఘాట్ అంచున ఒక పక్క ఊరు ఏజెన్సీ, రోడ్డు దాటితే మైదానం అన్నట్టుగా కూడా ఉంటాయి. "ఇది ప్లెయిన్ ఏరియానే సార్" అన్న మాట మీద వెళ్లకండి. సర్వే నంబరు తీసుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములది) చూడండి, ఆ ఆస్తి మీద పాత లావాదేవీలు చూపించే ఈసీ తీయించండి. ప్రభుత్వం పేదలకి పంచిన డీ పట్టా భూమి అని తేలితే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి.

చట్టం కాకుండా వేరే కారణాల చవక కూడా ఉంటుంది. పుట్టపర్తి చూడండి. సత్యసాయి బాబా ఉన్న రోజుల్లో వచ్చే జనాన్ని నమ్ముకుని అపార్ట్‌మెంట్లు కట్టేశారు. 2011 ఏప్రిల్‌లో ఆయన పోయాక ఆ జనం తగ్గారు, ఫ్లాట్లు మిగిలాయి. ఇప్పటికీ నవంబరు 23 జయంతికి, క్రిస్మస్‌కి విదేశీ భక్తులు వస్తారు. కానీ ఆశ్రమంలోనే తక్కువ రేటుకి గదులుంటాయి, వాటితో మీరు పోటీ పడాలి. ఒక్క మనిషిని, ఒక్క కారణాన్ని పట్టుకుని నిలబడ్డ గిరాకీ అది. అక్కడ పెట్టాలనే అనుకుంటే పండగ జనాన్ని పక్కనపెట్టి, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి రోగులతో వచ్చే బంధువుల్ని లెక్కేసుకోండి. వాళ్లకి సీజన్ ఉండదు.

హంపిలో నదికి అవతల విరుపాపుర గడ్డలో విదేశీయులతో చలికాలమంతా కళకళలాడే గుడిసె రిసార్టులుండేవి. వారసత్వ కట్టడాల ప్రాంతంలో అనుమతి లేకుండా కట్టారని కోర్టుకెళితే, 2020లో సుప్రీంకోర్టు కూల్చివేతనే సమర్థించింది. గిరాకీ ఉంది, గదులున్నాయి, నిండుతున్నాయి కూడా. చివరికి బుల్డోజరు వచ్చింది. కాబట్టి పదిమంది పెట్టారు కదా అన్న ధైర్యం చాలదు.

తిరువణ్ణామలై సంగతీ చాలామంది అడుగుతారు. మనవాళ్లు అరుణాచలమంటూ వెళ్లే జోరు చూస్తుంటే అడగడంలో తప్పులేదు. కార్తీక దీపం, నెలకో పౌర్ణమి గిరిప్రదక్షిణ, చలికాలం నెలల్లో రమణాశ్రమం చుట్టూ విదేశీయులు. గిరాకీలో దానికి సాటి వచ్చే ఊరు ఈ చుట్టుపక్కల లేదనే చెప్పాలి. లాడ్జీల బోర్డులే తెలుగులోకి మారిపోయాయి. అయితే చవక అనే మాట అక్కడ చెల్లిపోయింది. తమిళనాడులో ఉండి చూసుకునే నమ్మకమైన మనిషి లేకపోతే దూరం నుంచి నడపలేరు.

4. ఫోన్లో వెతకడం

ఊళ్ల జాబితా మూడుకి తగ్గాక ఇల్లు కదలకుండా చేసే పని కొంత ఉంది. బుకింగ్ యాప్‌లలో ఆ ఊరి గదులు తెరవండి. డిసెంబరు 31 రేటు చూసి మురిసిపోకండి, ఆ రోజు గోశాలకి కూడా అద్దె వస్తుంది. జనవరి చివర్లో ఒక మంగళవారం ఎంతకి ఇస్తున్నారో చూడండి. అసలు రేటు అదే. సీజన్లో ప్రతి గురువారం సాయంత్రం చూసి, ఆ శనివారానికి ఎన్ని గదులు ఖాళీ ఉన్నాయో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎనిమిది వారాలు రాస్తే మీకు ఆ ఊరి నాడి దొరుకుతుంది.

మ్యాప్‌లో లాడ్జీల రివ్యూలు చదివేటప్పుడు నక్షత్రాల కన్నా తేదీలు చూడండి. రివ్యూలన్నీ నవంబరు, జనవరి మధ్యే ఉండి మిగతా నెలల్లో ఏమీ లేకపోతే ఆ ఊరు చలికాలపు ఊరే. తర్వాత తిట్లు చదవండి. "వేడినీళ్లు రాలేదు", "దుప్పటి కంపు", "తెల్లారుజామున గేటు తీసేవాడు లేడు". నర్సీపట్నం వైపు నేను చదివిన తిట్లలో ఎక్కువ ఈ మూడే. ఒకావిడైతే ముసలి అత్తగారు చన్నీళ్లతో మొహం కడుక్కున్న వైనం పేరాగ్రాఫు రాశారు. ఆ పేరానే నేను నా వ్యాపారానికి పునాది చేసుకున్నాను.

5. ఒక శనివారం, ఒక మంగళవారం

వెళ్లడం మాత్రం రెండుసార్లు వెళ్లాలి. శనివారం వెళితే ఆశ పుడుతుంది, మంగళవారం వెళితే నిజం తెలుస్తుంది.

శనివారం రాత్రి ఘాట్ మొదట్లో టీ కొట్టు దగ్గర రెండింటి నుంచి ఐదింటి దాకా కూర్చోండి. బండ్లు లెక్కపెట్టండి. నంబరు ప్లేట్లు చూడండి: టీజీ, ఓడీ, కేఏ అంటే దూరం నుంచి వచ్చారు, ఎక్కడో పడుకునే ఉంటారు. ఏపీ 39, 40 ప్లేట్లతో చిక్కేమిటంటే, 2019 నుంచి రాష్ట్రమంతా అవే వరసలు కాబట్టి విశాఖదో అనంతపురందో ప్లేటు చూసి చెప్పలేం. అడగాల్సిందే. "ఎక్కడి నుంచండీ? రాత్రి ఎక్కడున్నారు? ఎంత తీసుకున్నారు?" చలిలో టీ గ్లాసు చేతిలో ఉన్న మనిషి అడిగినవన్నీ చెప్పేస్తాడు. నేను మొదటిసారి కూర్చున్నప్పుడు ఒక హైదరాబాద్ కుటుంబం కారులోనే పడుకుని లేచామన్నారు. చంటిబిడ్డ ఉంది. గదులు దొరకలేదా అంటే, "దొరికాయి, పిల్లతో ఉండేలా లేవు" అన్నారు. ఊళ్లో గదులు లేకపోవడం వేరు, పిల్లతో ఉండేలా లేకపోవడం వేరు. రెండోది కనిపించిన ఊరిని వదలకండి.

మంగళవారం వెళ్లినప్పుడు లాడ్జీ కౌంటరులో మామూలు ప్రయాణికుడిలా గది అడగండి. తాళాల బోర్డు వెనకే ఉంటుంది, ఎన్ని తాళాలు వేలాడుతున్నాయో అదే చెబుతుంది. తర్వాత లాండ్రీ అతన్ని కలవండి. ఏ లాడ్జీ నుంచి వారానికి ఎన్ని దుప్పట్లు వస్తాయో యజమాని కన్నా అతనికే బాగా తెలుసు.

6. ఇక లెక్క

మూడు గదుల ఇల్లు, నెలకి 15,000 అద్దె అనుకుందాం. అంకెలు ఉదాహరణకే, మీ ఊరివి మీరు వేసుకోండి.

గట్టి రాత్రులు 36, గదులు మూడు, అంటే 108. అందులో నూటికి ఎనభై నిండితే 86. ఒక్కోటి 2,000 చొప్పున 1,72,000. మామూలు రాత్రులు 56, మూడు గదులకి 168. నూటికి ఇరవై నిండితే 34. ఒక్కోటి 1,200 చొప్పున 40,800. మొత్తం 2,12,800. యాప్‌ల కమీషను నూటికి పదిహేను అనుకుంటే 31,920 పోగా చేతికి 1,80,880.

ఏడాది అద్దె 1,80,000.

సీజనంతా గొడ్డులా చాకిరీ చేస్తే మిగిలింది 880 రూపాయలు. ఇంకా పనిమనిషి జీతం, కరెంటు, దుప్పట్ల ఉతుకు తీయలేదు. మొదటి ఏడాది నాది ఇంచుమించు ఇదే బాపతు. చలికాలం ఫుల్లయిన ఇల్లు కూడా ఏడాది మొత్తం మీద నష్టం తేగలదని ఎవరూ చెప్పరు.

దీన్ని మార్చే మార్గాలు రెండు. ఒకటి అద్దె దగ్గర: పాత పెంకుటిల్లో, మేడ మీద వాటాయో నెలకి 8,000కి దొరికితే అదే ఆదాయం మీద 84,880 మిగులుతుంది. లేదా ఓనరుతో వాటా మాట్లాడుకోండి, నెలకి తక్కువ అద్దె, సీజన్లో వచ్చినదాంట్లో ఇంత శాతం అని. ఖాళీగా ఉన్న ఇళ్ల ఓనర్లు దీనికి ఒప్పుకుంటారు. రెండోది మిగతా తొమ్మిది నెలల దగ్గర.

7. రెండో కాలు

కుర్చీ ఒంటికాలి మీద నిలబడదు. ఊరు ఎంచుకునేటప్పుడే ఎండాకాలం, వానాకాలం ఎవరొస్తారో అడగండి. సూళ్లూరుపేటనే తీసుకోండి. చలికాలంలో పులికాట్, నేలపట్టు పక్షుల కోసం, ఫ్లెమింగో పండగ కోసం జనం వస్తారు. కానీ ఆ ఊళ్లో గదుల్ని ఏడాదంతా నడిపేది పక్క ఊరు శ్రీహరికోటకి, అక్కడి రాకెట్ కేంద్రం షార్‌కి పనుల మీద వచ్చేవాళ్లు.

నర్సీపట్నం లాంటి ఊళ్లో నాకు దొరికిన రెండో కాలు పెళ్లిళ్లు. పుష్యం శూన్యమాసం, ముహూర్తాలుండవు. సరిగ్గా పొగమంచు జనం ఎక్కువగా వచ్చే రోజులవి. మాఘం వచ్చి చలి తగ్గేసరికి వాళ్లు వెళతారు, పెళ్లివాళ్లు దిగుతారు. పంచాంగమే మన బుకింగ్ చార్టు తయారుచేసి ఇచ్చినట్టుంటుంది. మగపెళ్లివారి విడిదికి మూడు గదులూ, వరండా, వంటకి పెరడు ఉన్న ఇల్లు లాడ్జీ కన్నా ముద్దు. అందుకని రెండో ఏడాది ఇల్లు మార్చి, కల్యాణ మండపానికి నడిచివెళ్లే దూరంలో తీసుకున్నాను. మండపం మేనేజరుకి ఒక డజను విజిటింగ్ కార్డులు ఇచ్చాను. యాప్‌లలో ఒక్క పైసా కమీషను లేకుండా మాఘ, ఫాల్గుణాలు, మళ్లీ వైశాఖం వాటంతట అవే నడిచాయి. ఆషాఢంలో ఒక గది బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగికి నెలవారీగా ఇచ్చేశాను. ఆయన దసరాకి ఖాళీ చేస్తానన్న షరతు మీద.

8. ఇల్లు, కాగితాలు

ఇల్లు చూసేటప్పుడు ముందు మీటరు బోర్డు చూడండి. మూడు గీజర్లు ఒకేసారి వేస్తే ఆరు కిలోవాట్లు. పాత ఇళ్లకి మంజూరైన లోడు రెండో మూడో ఉంటుంది. తెల్లవారుజామున రెండున్నరకి మూడు గదుల్లో స్విచ్చులు ఒకేసారి పడతాయి, ఫ్యూజు ఎగురుతుంది, ఆ చీకట్లో మీకు ఫోనొస్తుంది. లోడు పెంచడానికి డబ్బు ఎవరు కడతారో లీజులోనే రాయించుకోండి. వ్యాపారానికి వాడుతున్నప్పుడు కనెక్షన్ ఏ కేటగిరీలో ఉండాలో కూడా విద్యుత్ ఆఫీసులో ముందే తేల్చుకోండి, తర్వాత జరిమానా కట్టేకన్నా.

బండి పెట్టుకునే జాగా, గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది, పక్కింటివాళ్లు రాత్రి అలికిడికి ఏమంటారు, ఈ మూడూ ఓనర్ని అడిగే ప్రశ్నలు కావు, వీధిలో అడిగేవి.

లీజు 11 నెలలకి రాసుకునే అలవాటు మనది. కానీ ఆంధ్రప్రదేశ్‌లో లీజు ఎన్ని నెలలకి రాసుకున్నా రిజిస్టరు చేయించాలి. గీజర్లు, మంచాలు, రంగులకి డబ్బు పెడుతున్నారు కాబట్టి మూడేళ్లకి రిజిస్టరు లీజే మేలు. "పర్యాటకులకి రోజువారీ అద్దెకి ఇవ్వడానికి ఓనరుకి అభ్యంతరం లేదు" అన్న వాక్యం అందులో స్పష్టంగా ఉండాలి. కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపుకి ఒకటి నుంచి ఆరు గదుల దాకా ఉండి, ఓనరు కుటుంబం అక్కడే ఉండాలన్న నియమం ఉంది. మీరు వేరే ఊళ్లో ఉండి నడిపితే అది హోమ్‌స్టే కాదు, లాడ్జీ కిందకి వస్తుంది. స్థానికంగా ట్రేడ్ లైసెన్స్ సంగతి మునిసిపాలిటీలో అడగండి. ఓనరు మేడ మీద ఉండి, మీరు కింద నడిపే పద్ధతి అయితే ఆయన పేరు మీదే దరఖాస్తు పెట్టించి, మీరు నిర్వహణ చూసుకోవచ్చు.

జీఎస్టీ గురించి భయపడేవాళ్లు ఎక్కువ. ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటకపోతే చిన్నవాళ్లకి రిజిస్ట్రేషన్ అవసరం ఉండదు. యాప్ ద్వారా వచ్చిన గదుల మీద పన్ను ఆ యాప్ వాళ్లే కడతారు. రాత్రికి 7,500 లోపు గదులకి రేటు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. భోజనం పెడితే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తీసుకోండి, ఉట్టి టీ, ఉప్మా అయినా సరే. వచ్చిన ప్రతివారి గుర్తింపు కార్డు నకలు, రిజిస్టరులో సంతకం తప్పనిసరి. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి, దాని పాత పేరు సీ ఫారం. పెట్టుబడి తక్కువైతే హోమ్‌స్టేలకి ముద్ర రుణాలిస్తామని 2025 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు, మీ బ్యాంకులో అడగండి.

9. ఎప్పుడు మొదలుపెట్టాలి

ఈ చలికాలం చూడ్డానికి, వచ్చే చలికాలం నడపడానికి. నవంబరు నుంచి జనవరి దాకా తిరగండి, టీ కొట్ల దగ్గర కూర్చోండి, నోట్‌బుక్ నింపండి. బేరం మాత్రం సీజన్లో ఆడకండి, శనివారం బండ్లు చూసి ఓనరు కూడా కొండెక్కి ఉంటాడు. వైశాఖం ముహూర్తాలు అయిపోయాక జూన్‌లో వెళ్లండి. ఇల్లు ఖాళీగా ఉంటుంది, ఆయన మెత్తబడి ఉంటాడు. జులై, ఆగస్టుల్లో సున్నం, లోడు పెంపు, గీజర్లు. వానల్లోనే పైకప్పు ఎక్కడ కారుతుందో తెలిసిపోతుంది. వినాయక చవితి వెళ్లాక ఫొటోలు తీసి యాప్‌లలో పెట్టండి. దసరాకి చుట్టాలనే నాలుగు రోజులు ఉంచి, ఏది పనిచేయడంలేదో చెప్పమనండి.

కార్తీకం మొదటి శనివారానికి మూడు గదుల్లో ఒక్కోదానికి రెండేసి రగ్గులు, ఒక ఫ్లాస్కు, గోడ మీద ఒక కాగితం ఉండాలి. మా కాగితంలో ఉన్నది ఇంతే: వేడినీళ్లు 2:15 నుంచి. టీ 2:45కి. గేటు 3 గంటలకి తెరిచే ఉంటుంది. ఘాట్‌లో హారన్ కొట్టండి, అప్పర్ డిప్పర్ వాడండి. తిరిగొచ్చాక ఇడ్లీ.